ప్రాణభయం అని రాసిచ్చాను

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక తెల్లకాగితం మీద నా చేతిరాతతోనే ఉంది. కారు బానెట్ మీద పెట్టి తొందర తొందరగా రాశాను. అయినా అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి. ‘రోడ్డును అడ్డగించారు’ అని రాశాను. ‘అడవిలో ఆయుధాలతో మనుషులు తిరుగుతున్నారు’ అని రాశాను. ‘మాకు ప్రాణభయం కలిగింది’ అని రాశాను. మొదటి రెండూ నిజం, మూడోది అబద్ధం. ఆ రెండు నిజాలనూ తీసుకొచ్చి ఈ అబద్ధం పక్కన నిలబెట్టడం అంతకన్నా పెద్ద అబద్ధం. తెలియక రాశానని చెప్పుకోవడానికి కూడా లేదు. ఏ మాట పక్కన ఏ మాట పెడితే ఏం జరుగుతుందో పిల్లలకు చెప్పి జీతం తీసుకునేవాణ్ణి నేను.

మాది మైదానం, విజయనగరం అవతల ఒక ఊరు. చింతూరు వైపు కొన్నాళ్ళు పనిచేసి, అరకు దాటి ఒడిశా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఈ మండలానికి బదిలీ మీద వచ్చాను. ఇక్కడి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతాను. వచ్చి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో మా పిల్లలు ఇళ్ళలో మాట్లాడుకునే భాష ఒక్క ముక్క నేర్చుకోలేదు. నేర్చుకోవాలని అనిపించలేదు కూడా.

అంతర్జాతీయ సంబంధాల పేపర్లో నాకు బాగా ఇష్టమైన పాఠం ఒకటుంది. భద్రతీకరణ సిద్ధాంతం అంటారు. పిల్లలకు ఇలా చెప్పేవాణ్ణి. పక్క దేశం నుంచి కొంతమంది వలస వచ్చారనుకోండి. వాళ్ళకు పని ఎక్కడ, ఇళ్ళు ఎక్కడ, బడి ఎక్కడ అని మాట్లాడుకోవచ్చు, కొట్లాడుకోవచ్చు. అది మామూలు రాజకీయం. అప్పుడు ఒక పెద్దమనిషి లేచి, ‘వీళ్ళ వల్ల మన ఉనికికే ముప్పు’ అంటాడు. జనం నమ్ముతారు. ఇక అక్కడితో మాట్లాడుకోవడం ఆగిపోతుంది. కంచె వస్తుంది, సైన్యం వస్తుంది. మామూలు రోజుల్లో ఎవరూ ఒప్పుకోని పనులన్నీ ఆ రోజు నుంచి అవసరమైన పనులైపోతాయి. కాబట్టి ముప్పు నిజంగా ఉందా లేదా అని మాత్రమే అడగకండి. ముప్పు అని ఎవరన్నారు, ఎవరు నమ్మారు, ఆ మాటతో ఏ తలుపు తెరుచుకుంది, అది అడగండి. ఇలా చెప్పి, బోర్డు మీద ‘చెప్పడం కూడా చెయ్యడమే’ అని రాసి, కింద గీత గీసేవాణ్ణి. ఆ గీత దగ్గర కాసేపు ఆగేవాణ్ణి కూడా.

ఆ పాఠం మీదే రాసిన వ్యాసం చదవడానికి విశాఖపట్నంలో ఒక సదస్సుకు బయలుదేరాను. చైత్రమాసం. కొండల్లో ఇటుకల పండగ నడుస్తోంది. అది విత్తనాల పండగ. మగవాళ్ళు విల్లంబులూ నాటు తుపాకులూ పట్టుకుని అడవికి వేటకు పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా వెదురు గెడ పెట్టి, పాటలు పాడుతూ, వచ్చేపోయే బండ్లను ఆపి పండగకు ఇమ్మని అడుగుతారు. వేట లేకుండా ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగవాడి మీద పేడనీళ్ళు పోసి ఆట పట్టిస్తారు. ఈ రోడ్డు మీద తిరిగేవాళ్ళందరికీ ఇది తెలుసు. ఆ నెలలో చిల్లర నోట్లు దగ్గర పెట్టుకునే బయలుదేరతారు.

నాతోపాటు కారులో మా బజారు షావుకారు ఒకాయన ఉన్నాడు. కిరాణా కొట్టు ఉంది. సరుకు మాట్లాడుకోవడానికి పట్నం వస్తానంటే ఎక్కించుకున్నాను. నాలుగు ఊళ్ళ దగ్గర ఆపారు, నాలుగు చోట్లా ఇచ్చాను. ఐదో గెడ కనబడేసరికి నా ఓపిక అయిపోయింది.

పదిపన్నెండు మంది ఆడవాళ్ళున్నారు. ముందున్నావిడకు ముప్ఫై అయిదేళ్ళుంటాయి. గెడ మీద మోచేతులు ఆనించి, నా కారు ఆగేదాకా కదలకుండా చూసింది.

“దిగు మాస్టరూ. పండగ.”

“నాలుగు చోట్ల ఇచ్చాను. గెడ తియ్యండి.”

“ఆ నాలుగూళ్ళకీ ఇచ్చినావు. మా ఊరికిచ్చినావా?”

షావుకారు కిటికీలోంచి తల బయటపెట్టాడు. “ఓలమ్మా, మాస్టారు బేగి ఎల్లాల. మీటింగున్నాది. తియ్యండే గెడ.”

“నీ కొట్టు కాడ మేం గంటసేపు నిలబడితే నువ్వు బేగి ఇత్తన్నావా సావుకారీ?” అంది ఆవిడ. వెనకున్నవాళ్ళు నవ్వారు.

షావుకారు తల లోపలికి లాక్కున్నాడు. “సూసినారా నోరు? మొగుళ్ళు అడవిలో తుపాకులట్టుకు తిరుగుతారు. పెళ్ళాలు రోడ్డు మీద బండ్లాపుతారు. ఈళ్ళకి రోజూ పండగే.”

నేను కాగితం మీద రాసింది ఈ మాటే. ఆయన మాటకు నా చదువు తొడిగానంతే.

కారు దిగాను. ఇచ్చేస్తే పోయేది. ఇవ్వడానికి దిగలేదు. “అడుక్కోవడానికి కూడా ఒక పండగ కావాలా మీకు?” అన్నాను. తెలుగు రానివాళ్ళకు కూడా అర్థమయ్యేలా నెమ్మదిగా అన్నాను.

పాట ఆగింది. ఆవిడ గెడ మీంచి మోచేతులు తీసింది.

“ఎవులు అడుక్కుంటన్నారు? పండగనాడు దారెంట వచ్చినోడు మాకు చుట్టం. చుట్టం ఇత్తాడు, మేం పెట్టింది తింటాడు, ఎల్లిపోతాడు. నువ్వు ఏటివి మరి?” వెనక్కి తిరిగి వాళ్ళ భాషలో ఏదో అంది. తర్వాత నాకోసం తెలుగులో అంది. “ఈడు కూడా ఉత్తి సేతుల్తో వచ్చినాడర్రా.”

అంతే, ఎవరో పేడనీళ్ళ తపేలా ఎత్తారు. సదస్సు కోసం వేసుకున్న తెల్లచొక్కా ఛాతీ దగ్గర్నుంచి బెల్టు దాకా తడిసింది. అందరూ నవ్వారు. కారులో షావుకారు కూడా నవ్వాడు, నేను చూసేసరికి దగ్గుకింద మార్చాడు. నవ్విన వాళ్ళలో మా కాలేజీలో రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఉంది. నా క్లాసులో మొదటి బెంచీ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మిగతా వాళ్ళ నవ్వు మర్చిపోయేవాణ్ణేమో.

వాళ్ళు గెడ ఎత్తేశారు. “పో మాస్టరూ. బేగి పో” అంది ముందున్నావిడ. నా దగ్గర పైసా తీసుకోలేదు. నన్ను ఎవరూ ముట్టుకోలేదు, తిట్టలేదు. మొత్తం పావుగంట కూడా పట్టలేదు. మళ్ళీ పాట మొదలుపెట్టారు.

కొంత దూరం పోయాక పోలీసుల చెక్‌పోస్టు ఉంది. ఆ రోజు ఎస్సై అక్కడే ఉన్నాడు. కాలేజీ కార్యక్రమాలకు వస్తుంటాడు, నాకు పరిచయమే. నా చొక్కా చూసి నవ్వాడు.

“ఏంటి సార్, వేటకెళ్ళి ఏమీ పడలేదా?”

పక్కనున్న ఇద్దరు కానిస్టేబుళ్ళూ నవ్వారు. జరిగింది చెప్పాను. “పండగ కదా సార్. ఏటేటా ఉండేదే” అన్నాడు.

అక్కడ ఆగిపోవచ్చు. నాకు అవమానం జరిగిందంటే ఎవరూ జీపు ఎక్కరు. ఎక్కించే మాట వేరే ఉంది. అది నాకు తెలుసు.

“పండగ సరే. రోడ్డు వాళ్ళ చేతిలో ఉంది. మగవాళ్ళు అడవిలో తుపాకులతో ఉన్నారు. సరిహద్దు నాలుగడుగుల దూరంలో ఉంది. ఇవాళ నా బండి ఆపారు, రేపు మీ బండి ఆపుతారు. మా ప్రాణాలకు ఎవరు పూచీ?” అన్నాను.

ఎస్సై ముఖంలో నవ్వు పోవడం నేను చూశాను. ఇందులో నాకు అన్నిటికన్నా సిగ్గుగా ఉండేది ఒకటుంది. ఆ ముఖం మారుతున్నప్పుడు నాకు తృప్తి కలిగింది. పాఠం బాగా చెప్పిన రోజు క్లాసు నిశ్శబ్దమైతే కలిగే తృప్తి లాంటిదే.

“ఎన్ని తుపాకులు చూశారు?” అన్నాడు.

నేను షావుకారు వైపు చూశాను.

“నాను సూళ్ళేదు గానండి, ఉంటాయండి. ఆల్లకి ఇంటికొకటి ఉంటాది” అన్నాడు షావుకారు.

“రాసివ్వండి సార్. ఇద్దరూ సంతకం పెట్టండి.”

రాసిచ్చాను. ఇద్దరం సంతకం పెట్టాం.

విశాఖపట్నంలో చొక్కా మార్చుకుని వ్యాసం చదివాను. చప్పట్లు కొట్టారు. ప్రశ్నల సమయంలో ఒకాయన లేచి, ఇలా ముప్పు అని ప్రకటించే శక్తి ప్రభుత్వాలకేనా, సామాన్యులకు కూడా ఉంటుందా అని అడిగాడు. సామాన్యుడి మాటకు అంత బలం ఉండదని, అధికార స్థానం నుంచి వచ్చిన మాటే పనిచేస్తుందని చెప్పాను. భోజనాల దగ్గర చొక్కా కథ కూడా చెప్పాను. అందులో తుపాకులు మరికొంచెం దగ్గరికొచ్చాయి. నలుగురైదుగురు, ‘అక్కడ ఎలా ఉంటున్నారు సార్ అసలు’ అన్నారు. అక్కడ ఉండడమే గొప్ప విషయమైనట్టు నవ్వి ఊరుకున్నాను.

మర్నాడు తిరిగొచ్చేసరికి బజారంతా తెలిసిపోయింది. నేను చెక్‌పోస్టు దాటిన తర్వాత పోలీసులు అడవిబాటలోకి వెళ్ళారు. వేట నుంచి వస్తున్న నలుగురిని పట్టుకున్నారు. ముగ్గురిని సాయంత్రం వదిలేశారు. నాలుగో ఆయన చేతిలో నాటు తుపాకి ఉంది. పైగా గెడ దగ్గర ముందు నిలబడ్డావిడ భర్త ఆయన. ఆడవాళ్ళ గుంపుకు ఆవిడ నాయకురాలు, మగవాళ్ళ గుంపుకు ఆయన నాయకుడు అని కాగితాల్లో అందంగా అతికింది. రిమాండుకు పంపారు. ఆయన్ని నేను ఆ రోజు చూడనేలేదు.

బజారులో నాకు మంచి పేరొచ్చింది. “ఇన్నాళ్ళకి ఒక మొగోడు కంప్లయింటిచ్చినాడు” అన్నారు టీ బడ్డీ దగ్గర. టీ డబ్బులు తీసుకోలేదు. తాగాను.

సోమవారం క్లాసుకు వెళ్ళాను. మొదటి బెంచీలో ఆ అమ్మాయి ఉంది. హాజరు పిలవడం పూర్తయ్యాక లేచింది.

“సార్, ఒక డౌట్ ఉంది. మీరు చెప్పిన పాఠంలో ముప్పు అని చెప్పేవాళ్ళుంటారు. వినేవాళ్ళుంటారు. ఎవరి గురించి చెప్పారో వాళ్ళేం చెయ్యాలి? అది పుస్తకంలో ఉందా సార్?”

ఇంతకు ముందెప్పుడూ ఆ అమ్మాయి గొంతు అంత మామూలుగా లేదు. రోజూ నాతో మాట్లాడేటప్పుడు కొంచెం వణికేది.

“కూర్చో. తర్వాత మాట్లాడదాం.”

“పట్టుకెళ్ళింది మా అన్నయ్యనే సార్. గెడ కాడ ఉన్నది మా వదిన. మా ఊరికి దిసారి మా అన్నయ్యే. మంచిరోజు చూసి, ఇంటింటి విత్తనాలూ పూజలో పెట్టి, మళ్ళీ తన చేత్తో ఇంటింటికీ ఇవ్వాలి. పూజ సగంలో ఉంది. ఆయన చేతి మీదుగా రాని విత్తనం మా ఊర్లో ఎవరూ చల్లరు సార్. ముందు వానలు పడిపోతే మళ్ళీ ఆ అదను రాదు.” బెంచీ మీది పుస్తకం మూసింది. “నేను నవ్వాననే రాశారా సార్?”

“కాదు” అన్నాను. అది ఇంకో అబద్ధం.

ఆ అమ్మాయి పుస్తకాలు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. వెనక బెంచీలో ఒకడు లేచాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే. మైదానం నుంచి వచ్చిన ఉద్యోగుల పిల్లలు ముగ్గురు మిగిలారు. వాళ్ళకే పాఠం చెప్పాను. బెల్లు కొట్టేదాకా చెప్పాను.

ఆ మధ్యాహ్నం స్టేషన్‌కు వెళ్ళాను. కాగితం వెనక్కి తీసుకుంటానన్నాను.

“మీ ట్యూషన్ ఫీజా సార్ వెనక్కి తీసుకోవడానికి?” అన్నాడు ఎస్సై. “అదిప్పుడు నా దగ్గర లేదు, కోర్టులో ఉంది. ప్రాణభయం అని మీరే రాశారు. నేను రాయమన్నానా? పండగ కదా అని నేనంటే మీరేమన్నారు?”

“కోపంలో రాశాను.”

“అయితే తప్పుడు ఫిర్యాదు. మీ మీద కేసు కట్టాలి. కట్టనా?” పెన్ను తీశాడు. నిజంగానే తీశాడు. “మీ మాట నమ్మి మా వాళ్ళు అడవిలోకి పోయారు. అక్కడ ఎవరైనా భయపడి తుపాకి పేల్చి ఉంటే ఎవరి ప్రాణం పోయేది? మీకు పాఠమది, మాకు డ్యూటీ. ఉద్యోగం చేసుకోవాలని ఉంటే ఇంటికి పోండి.”

ఇంటికి పోయాను. దీనికి కారణం వెతకను. ఉద్యోగం పోతుందని భయమేసింది. కారు బానెట్ మీద రాసిన భయం నాకు నిజంగా కలిగింది ఆ రోజే. మూడు రోజులు కాలేజీకి సెలవు పెట్టాను. నాలుగో రోజు మధ్యాహ్నం పెద్ద వాన పడింది. ఆగిన తర్వాత బండి తీసుకుని ఆ రోడ్డున వెళ్ళాను. ఈ పక్క ఊరి కొండవాలు మీద జనం ఉన్నారు, నాగళ్ళున్నాయి. ఆ పక్క ఊరి వాలు మీద కూడా ఉన్నారు. మధ్యలో ఆ అమ్మాయి వాళ్ళ ఊరి వాలు తడిసి నల్లగా ఉంది. ఒక్క మనిషి లేడు.

అక్కడి నుంచి నేరుగా షావుకారు కొట్టుకు వెళ్ళాను. ఇద్దరం కలిసి సంతకం పెట్టాం కాబట్టి ఇద్దరం కలిసి అబద్ధమని చెబితే కోర్టు వింటుందని నా ఆశ.

ఆయన బెల్లం దిమ్మ పగలగొడుతున్నాడు. నేను చెప్పేది మొత్తం విన్నాడు.

“మాస్టారూ, మీకేటి? బదిలీ అవుద్ది, ఎల్లిపోతారు. నాను ఈడే బతకాల. ఆ రోజు పోలీసోల్ల ముందు ఒకటి సెప్పి, ఈ రోజు జడ్జీ ముందు ఇంకోటి సెప్పమంటారా?”

“తుపాకులు చూడలేదని మీరే అన్నారుగా. అదే చెప్పండి, చాలు.”

“నాను సూళ్ళేదనే అన్నాను. సూసినట్టు రాసింది మీరు.” సుత్తి కిందపెట్టాడు. “ఒక మాట అడుగుతాను, ఏటీ అనుకోకండి. ఆల్లు మిమ్మల్ని మాస్టారూ అని దండం పెట్టినన్నాళ్ళూ ఆల్లు మంచోళ్ళు. పేడనీళ్ళు పోసీసరికి మీకు మా మాట నిజమనిపించింది. ఇప్పుడు మల్లీ ఆల్లు మంచోళ్ళయిపోనారా? మాం ఎప్పుడూ ఒకటే మాట మీదున్నాం. మీరే అటూ ఇటూ తిరుగుతన్నారు.”

ఆయన చెడ్డవాడని చెప్పి ఈ పేరా ముగించడం తేలిక. కానీ ఆయన చెప్పింది నా గురించి నిజం.

మర్నాడు పొద్దున్నే ఆ ఊరు వెళ్ళాను. ఊరి మొదట్లో నన్ను చూసిన పిల్లలు లోపలికి పరిగెత్తారు. ఆవిడ ఇంటి ముందు చేట పట్టుకుని కూర్చుని ఉంది. లేవలేదు. ఇద్దరు ముసలివాళ్ళు అరుగు మీద నుంచి చూస్తున్నారు. మా క్లాసు అమ్మాయి గుమ్మంలోకి వచ్చి, నన్ను చూసి, తలుపు వేసేసుకుంది.

“ఏటికొచ్చినావు?”

“తప్పు చేశాను. అది చెప్పడానికొచ్చాను.”

“నాకు సెప్తే ఏటి లాబం?” చేట ఆపలేదు. “నీకు బయ్యం లేదని నాకు తెల్దా? నీ మొకం ఎదరే నిలబడినాను కదా నాను. నీ కళ్ళు సూసినాను. బయ్యపడినోడు అలగ సూడడు. నాకు తెలిసిందే నాకు సెప్తావేటి? ఎవులికి సెప్పినావో ఆల్లకి సెప్పు.”

“చెబుతాను.”

“సెప్పు. ఆడు ఒచ్చినాకా మా ఊరికి రాకు. ఇప్పుడు కూడా రాకు.”

ముసలివాళ్ళలో ఒకాయన ఏదో అన్నాడు. అందరూ నవ్వారు, ఆవిడ తప్ప. ఆయన ఏమన్నాడో నాకు తెలియదు. ఆరేళ్ళలో నేర్చుకుని ఉంటే తెలిసేది.

కొండ దిగుతుంటే నాకు ఒకటి అర్థమైంది. భద్రతీకరణ గురించి అన్ని పుస్తకాలు తిరగేశాను. ముప్పు అన్న మాటను వెనక్కి లాగి విషయాన్ని మళ్ళీ మామూలు మాటల్లోకి తేవడం ఎలా అన్న అధ్యాయాన్ని మాత్రం ఎప్పుడూ పరీక్షకు రాదని వదిలేయించేవాణ్ణి. ఆవిడ చెప్పింది ఆ అధ్యాయమే. నమ్మినవాళ్ళు ఉండబట్టే ఆ మాట పనిచేసింది. విప్పాలన్నా వాళ్ళ దగ్గరికే పోవాలి. ఇంట్లో కూర్చుని పశ్చాత్తాపపడితే రిమాండులో ఉన్న మనిషికి ఏమీ ఒరగదు.

ఆయన తరఫున కోర్టు పెట్టిన లాయరును కలిశాను. కుర్రవాడు. నేనెవరో తెలిసి ముందు కుర్చీ చూపించలేదు. ప్రమాణం మీద వాంగ్మూలం ఇస్తే బెయిలుకు ఉపయోగపడుతుందన్నాడు. “మీ ఉద్యోగానికి మాత్రం ఉపయోగపడదు” అని కూడా అన్నాడు. రెండో సంతకందారు రాకపోయినా ఫరవాలేదా అని అడిగాను. “రాసింది మీరేగా” అన్నాడు.

బెయిలు వాదన రోజు మేజిస్ట్రేటు నన్ను నిలబెట్టి అడిగారు.

“మీరు చదువుకున్నవారు. ఇలా రాసిస్తే ఏం జరుగుతుందో మీకు ఆ రోజు తెలియదా?”

“తెలుసండి. తెలిసే రాశాను.”

“తుపాకులు చూశారా?”

“లేదు.”

“ముద్దాయిని చూశారా?”

“ఇప్పటిదాకా చూడలేదండి.”

“మరి ప్రాణభయం?”

“భయం వేయలేదు. కోపం వచ్చింది.”

ప్రభుత్వ న్యాయవాది, సాక్షిని ఊరివాళ్ళు బెదిరించి ఉంటారన్నాడు. నన్ను ఎవరూ బెదిరించలేదని, ఊరికి రావద్దని మాత్రం చెప్పారని అన్నాను. ఎస్సై కోర్టు గుమ్మం దగ్గర నిలబడి నన్నే చూస్తున్నాడు. బెయిలు ఇచ్చారు. ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. ఒకరు ఆ ఊరి కాఫీ రైతు. రెండో జామీనుదారుణ్ణి నేను. నా జీతం సర్టిఫికెట్ చూసి ఆ రైతు, “ఇది ఎన్నాళ్ళుంటాదో” అన్నాడు. హాస్యానికే అన్నాడో లేదో తెలియలేదు.

మర్నాడు ఆ అమ్మాయి అన్నయ్య జైలు నుంచి బయటికొచ్చాడు. సన్నగా, నాకన్నా పొట్టిగా ఉన్నాడు. చెల్లెలూ భార్యా గేటు దగ్గర ఉన్నారు. నేను రోడ్డుకు ఇవతల నిలబడ్డాను. చెల్లెలు నన్ను చూపించి ఏదో చెప్పింది. ఆయన రోడ్డు దాటి వచ్చాడు.

“నన్ను సూసి బయ్యపడినానని రాసిన మాస్టరువి నువ్వేనా?”

“నేనే.”

“ఇప్పుడు సూడు.”

చూశాను. ఎంతసేపు చూడాలో తెలియక కళ్ళు దించుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి వెళ్ళి బస్సెక్కాడు.

ఊరికి వెళ్ళిన తెల్లారే పూజ పూర్తి చేసి విత్తనాలు పంచాడని మా కాలేజీ పిల్లలు మాట్లాడుకుంటుంటే విన్నాను. అప్పటికి రెండు వానలు పోయాయి. ఆ ఊరి వాలు ఆ ఏడు సగమే పచ్చబడింది. మిగతా సగం రోడ్డు మీంచి కనబడుతుంది. తుపాకి కేసు కొట్టేయలేదు. నా మాట వెనక్కి తీసుకున్నా తుపాకి తుపాకే కదా అంటుంది చట్టం. నేను రాయకపోతే ఆ తుపాకి కోసం ఎవరూ వెళ్ళేవారు కాదు, ఆ సంగతి మాత్రం ఫైల్లో లేదు. ప్రతి వాయిదాకు వెళ్తున్నాను. మా కాలేజీ వాళ్ళు నాకు మెమో ఇచ్చారు, విచారణ నడుస్తోంది. జరిగింది జరిగినట్టు జవాబు రాశాను. ఆ అమ్మాయి నా క్లాసుకు రావడం లేదు. సబ్జెక్టు మార్చుకుంటానని దరఖాస్తు పెడితే కారణం అడక్కుండా సంతకం చేశాను.

ఇక నేను ఎవరెవరికి చెప్పానో వాళ్ళ పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. టీ బడ్డీ దగ్గర నిలబడి, ఆ రోజు ఎవరూ తుపాకి చూపించలేదని, నా మీద పడింది పేడనీళ్ళేనని, మిగతాదంతా నేను కల్పించానని చెప్పాను. “మనోడివై ఉండి ఇదేటి మాస్టారూ” అన్నాడు బడ్డీవాడు. టీకి డబ్బులు తీసుకున్నాడు. స్టాఫ్‌రూమ్‌లో చెప్పాను. ఇప్పుడు నేను వెళ్తే మాటలు ఆపేస్తారు. సదస్సు వాళ్ళకు ఉత్తరం రాశాను. భోజనాల దగ్గర చెప్పిన కథ అబద్ధమని, సామాన్యుడి మాటకు బలం ఉండదన్న నా జవాబు తప్పని, నా వ్యాసం పుస్తకంలో వేస్తే ఈ ఉత్తరం కూడా వేయమని రాశాను. ఇంతవరకు బదులు లేదు.

చెక్‌పోస్టులో ఆ రోజు ఉన్న ఇద్దరు కానిస్టేబుళ్ళలో ఒకతనికి గూడెం కొత్తవీధి వైపు బదిలీ అయింది. మొన్న శనివారం రెండు బస్సులు మారి వెళ్ళాను. డ్యూటీ దిగి క్యాంటీన్లో కూర్చున్నాడు. నన్ను గుర్తుపట్టడానికి కొంత టైం పట్టింది. ఫోన్ చూసుకుంటూ విన్నాడు.

“అది చెప్పడానికి ఇంత దూరం వచ్చారా? సర్లెండి సార్. వాళ్ళంతే, ఏదో ఒకరోజు చేస్తారు” అన్నాడు.

“వాళ్ళు ఏమీ చెయ్యలేదు. చేసింది నేను” అన్నాను.

అతను ఫోను బల్ల మీద పెట్టాడు. నేను ఎదురుగా కూర్చుని, గెడ దగ్గర కారు ఆపిన దగ్గర్నుంచి మళ్ళీ చెప్పాను.